పడవ మీద మిగిలిన రొట్టె

ఏడేళ్లుగా ఒక రొట్టెముక్క నా గొంతుకు అడ్డం పడి ఉంది. తిన్నది నేను కాదు, నా తోడికోడలు. అయినా అది నాకే మింగుడుపడలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ముత్తుకూరు. మా ఆయనా, ఆయన అన్నా కలిసి రంగుల కొట్టు నడుపుతారు. బావగారి భార్యను నేను అక్కా అనే పిలుస్తాను. అందరిదీ ఒకే వంటిల్లు. నాకు ఇద్దరు పిల్లలు. అక్కకు లేరు. ఏటా నెల్లూరు రొట్టెల పండగకు వెళ్లి, దర్గా చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి సంతాన రొట్టె అడిగేది. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరుకునేవాళ్లు తీసుకుని తింటారు. తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. అక్క ఎనిమిదిసార్లు తీసుకుంది. ఇచ్చే వంతు మాత్రం రాలేదు.

ఆ ఏడు రంగుల కంపెనీవాళ్లు మా కొట్టుకు ఇస్తాంబుల్ ట్రిప్పు ఇచ్చారు. నాలుగు రోజులు, ఇద్దరికి. "మీరు చిన్నోళ్లు, మీరే పోయి రాండి" అన్నారు బావగారు. అక్క నా పెట్టె సర్దింది. పిల్లల్ని తనే చూసుకుంటానంది. నన్ను ఒక్కటే అడిగింది.

"ఆ ఊళ్లో ప్రవక్తగారి సహచరుడి దర్గా ఉందంట గదమ్మే. ఆడ చంటిబిడ్డనెత్తుకున్న తల్లి ఎవురన్నా కనిపిస్తే, ఆమె చేత్తో ఒక రొట్టెముక్క ఇప్పించుకోని రా."

అది మన నెల్లూరు ఆచారమని, అక్కడ అలా రొట్టెలు ఇచ్చిపుచ్చుకోరని నాకు తెలుసు. అక్కకు తెలియదు. ఏ దేశంలో ఏ దర్గాకు పోయినా ఇంతేననుకుంది. అప్పుడే చెప్పి ఉండవచ్చు కదా? "సరేక్కా" అన్నాను.

ఇస్తాంబుల్ నన్ను నిలవనివ్వలేదు. పెద్ద మసీదు గుమ్మటం కింద మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూశాను, రంగురంగుల దీపాలు వేలాడే బజారులో దారి తప్పాను, నడుము సన్నటి గ్లాసులో పాలు లేని టీ తాగాను, దుకాణాల గుమ్మాల్లో దర్జాగా నిద్రపోతున్న పిల్లులకు కూడా ఫొటోలు తీశాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఖాళీ. దర్గాకు వెళ్లవచ్చు. కంపెనీ తీసుకొచ్చిన మా గుంపులో ఆడవాళ్లంతా పడవ షికారుకు బయలుదేరారు. భాష రాని చోట ఎవరో తల్లిని ఆపి రొట్టె అడుక్కోవాలని వాళ్లతో ఎలా చెప్పను? సిగ్గేసింది. సిగ్గొక్కటేనా? కాదు. నాకు పడవ ఎక్కాలనిపించింది. ఇన్నేళ్లూ సిగ్గు అనే సర్దిచెప్పుకున్నాను గానీ, నిజం ఇదీ.

రేవు దగ్గర బండి మీద నువ్వులద్దిన రొట్టె కొన్నాను. గాజులా గుండ్రంగా ఉంది. పడవ వెంట సముద్రపు పక్షులు అరుస్తూ వచ్చాయి. అందరితోపాటు నేనూ రొట్టె తుంచి విసిరాను. పక్షి గాలిలోనే అందుకుంటే చిన్నపిల్లలా కేరింతలు కొట్టాను. చివరికి సగం మిగిలింది. దాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

ఇంట్లో అడుగు పెట్టగానే అక్క అడిగింది.

"తెచ్చినావా?"

"తెచ్చినానక్కా."

"ఎట్టుండింది ఆ తల్లి?"

"పచ్చ ముసుగేసుకోనుండింది. చేతిలో ఆర్నెల్ల మొగబిడ్డ."

ఆమె అడగకుండానే ఆ బిడ్డను నేను పుట్టించాను. అక్క కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, బిస్మిల్లా అని, ఆ ఎండు ముక్కను రెండు చేసి బావగారికి సగం పెట్టింది. తన సగం నువ్వుగింజ కూడా రాలనీయకుండా తింది.

ఆ తర్వాత ఆమె చెరువుకు రాలేదు. అంత గొప్ప చోటి రొట్టె తిన్నాక మళ్లీ ఇంకొకరి ముందు చెయ్యి చాపితే నమ్మకం లేనట్టే అంది. నెల్లూరులో చేయించుకుంటున్న వైద్యం కూడా అందుకే మానేసింది. ఇంకా ఆశ ఉందని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. "నువ్వన్నా చెప్పమ్మా" అన్నారు బావగారు నాతో. చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. "అక్క నమ్మకం అక్కది" అని తప్పించుకున్నాను.

పోయిన నెల ఇద్దరం పెరట్లో చేపలు కడుగుతున్నాం. అక్క మామూలుగానే అంది.

"నాకింక నెలనెలా రావడం నిలిచిపోయిందమ్మే. ఆడ అడిగినా ఇయ్యలేదంటే, నాకు రాసిపెట్టి లేదులే."

నేను తల ఎత్తలేదు. పొలుసు గీకుతూనే ఉన్నాను. వైద్యం సాగి ఉంటే బిడ్డ పుట్టేదా? ఏమో. ఆ 'ఏమో' వెనక దాక్కోవడం నాకు బాగా అలవాటైంది. చెబితే తిడుతుందని భయమా అంటే అదీ కాదు. నా పిల్లలకు అన్నం కలిపి పెట్టిన మనిషి, నేను ఏడిస్తే ముందు నన్నే ఓదారుస్తుంది. అది తట్టుకోలేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు చెయ్యగలిగిన పని కాదు. కానీ ఇలా రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. ఒక్కరికైనా తెలియాలి. అల్లా మా అక్కను కాదనలేదు. ఆమె అడిగిన మాట అక్కడిదాకా చేరనే లేదు. మధ్యలో నేనున్నాను.