ఆమె చూడని ముఖం

మా వీధిలో అందరూ ఆమెను క్లిక్కక్క అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది. వీధి చివర మెట్ల కింద ఉన్న చిన్న స్టూడియో ఆమెది. దాన్ని ఆనుకునే నా ఆల్బమ్‌ల గది. ఆమె తీసిన పెళ్ళిళ్ళన్నీ నా బల్ల మీదికి వచ్చి, అట్టలు వేయించుకుని వెళ్తాయి. నేను ఒక్క పెళ్ళికీ వెళ్ళను, పెళ్ళిళ్ళే నా దగ్గరికి వస్తాయి. అందుకే ఆమె పనితనం గురించీ, ఆమె కడుపుమంట గురించీ నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆమె ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. పాస్‌పోర్టు ఫొటోలు తీసే దుకాణంలో నేల తుడవడానికీ, తెరలు ఉతకడానికీ చేరింది. యజమాని భోజనానికి వెళ్ళినప్పుడల్లా కిటికీ దగ్గర ఒక చెంబు పెట్టి, దాని మీద వెలుతురు ఏ పక్కనుంచి పడితే ఎలా ఉంటుందో చూస్తూ కూర్చునేదట. చెంబు సొట్టలు కనపడకుండా వెలుతురు పట్టడం వచ్చాకే మనుషుల ముఖాల జోలికి వెళ్ళానంటుంది. ఆ మాట నిజమే. ఆమె ఫొటోల్లో ఎవరి ముఖంలోనూ సొట్టలు కనిపించవు.

ఆమె భర్త అప్పట్లో రొట్టెల వ్యాను నడిపేవాడు. పెళ్ళయ్యాక అదే వ్యానులో లైట్లు, స్టాండ్లు ఎక్కించుకుని ఆమెతో తిరగడం మొదలుపెట్టాడు. ముఖాల మీదికి వెలుతురు తిప్పే తెల్ల అట్ట పట్టుకోవడం ఆయన పని. పట్టుకుని ఊరికే ఉండకుండా ఏదో ఒకటి అనేవాడు, ఎదుటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఇబ్బందల్లా ఆయన పక్కన నిలబడటంతోనే వచ్చేది. అందరి చూపూ ఆ పక్కకే పోయేది. ఆ రోజుల్లో నా బల్ల మీదికి వచ్చిన పెళ్ళికూతుళ్ళంతా గోడ మీద బల్లిని చూసి నవ్వుతున్నట్టు ఉండేవాళ్ళు. నేనా మాట అంటే ఆమె ఆలోచించి, ఆయన్ని తన వెనకే నిలబెట్టింది. ఆయన మంచి పొడగరి. ఆమె కొంచెం వంగి కెమెరా పట్టుకుంటే ఆయన గడ్డం సరిగ్గా ఆమె నడినెత్తి మీదికి వస్తుంది. అప్పటినుంచి చూపులు తిన్నగా లెన్సులోకి రావడం మొదలైంది. దాంతోపాటు నవ్వులు కూడా రెట్టింపయ్యాయి.

నవ్వులు ఎందుకు రెట్టింపయ్యాయో ఆమెకు అంతుపట్టలేదు. కుళ్ళు అక్కడే మొదలైంది.

ఎందుకంటే ఆ మనిషి ఇంట్లో అలా ఉండడు. ఇంటికి రాగానే లెన్సులతోపాటు నోరు కూడా సంచిలో పెట్టి జిప్పు వేసేస్తాడని ఆమె నా దగ్గర ఎన్నిసార్లు అందో. అలాగని చెడ్డవాడు కాదు. అన్నం వండుతాడు, కారే కుళాయి బాగుచేస్తాడు, ఆమెకు జ్వరం వస్తే పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కాకపోతే ఏమడిగినా జవాబు తలతోనే చెబుతాడు. పైకి ఊపితే అవును, పక్కకి ఊపితే కాదు.

పెళ్ళిళ్ళలో ఆమె తన తల మీదుగా వచ్చే ఆయన మాటలు చెవులు రిక్కించి వినేది. తీరా వింటే వాటిలో ఏమీ ఉండేది కాదు. గడ్డం ఎత్తండి, కాస్త దగ్గరికి జరగండి, అంతే. గడ్డం ఎత్తమంటే పగలబడి నవ్వే మనిషి లోకంలో ఉండడు. కాబట్టి ఆయన ముఖంతో ఏదో చేస్తున్నాడని తేల్చుకుంది. ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా చూసింది దాన్ని. వాళ్ళ చుట్టాలూ, వంటవాళ్ళూ చూశారు. కట్టుకున్న పెళ్ళాం ఒక్కతే చూడలేదు.

నా దగ్గర కూర్చుని ఫొటోలు ఏరుతున్నప్పుడు ఆమె చేతులు చూడాలి. ఎంత మంచి నవ్వు పడితే ఆ ఫొటోను అంత విసురుగా పక్కన పెట్టేది. ఫొటో బాగుందక్కా అంటే, బాగుండక ఏం చేస్తుంది, నా మొగుణ్ణి చూసి నవ్వుతోందిగా అనేది. ఒకసారి ఉండబట్టలేక ఇంట్లో అడిగిందట, ఆ ముఖం ఏదో నాకూ పెట్టి చూపించమని. ఇక్కడ ఫొటో ఏముందని కూర తరుగుతూ ఉండిపోయాడట.

ఇంకోసారి చెప్పకుండా పాత స్కూటరు అద్దం ఊడదీసి కెమెరా నెత్తిన బిగించింది. ఎదుటివాళ్ళని చూస్తూనే వెనక ఆయన్ని కూడా చూడొచ్చని. బిగింపు చక్కగా కుదిరింది, వంకపెట్టడానికి లేదు. కానీ ఆయన అద్దాన్ని చూశాడు. ఆ రోజు తెల్ల అట్ట పట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు. ఆ పెళ్ళి ఆల్బమ్ నేనే కట్టాను. అందరూ బ్యాంకులో వరసలో నిలబడ్డట్టు ఉన్నారు.

ఈమధ్య జరిగిన పెళ్ళి, ఆమె చెప్పినదాన్ని బట్టి, ఊరికి దూరంగా పొలాల మధ్య. కళ్యాణమండపం లేదు, వేదిక లేదు. ధాన్యం కొట్టు ఒకటి కడిగి, పాత తలుపులు తెరిచిపెట్టి, గడ్డిమోపుల మీద దుప్పట్లు పరిచి కూర్చోమన్నారు. దూలాలనుంచి సీసాల్లో దీపాలు వేలాడుతున్నాయి. పెళ్ళికొడుకు చొక్కా చేతులు మడిచి మంచినీళ్ళ డ్రమ్ము తనే దొర్లించుకొచ్చాడు. పెళ్ళికూతురు చెప్పులు ఎక్కడో వదిలేసి తడి గడ్డిలో తిరుగుతోంది. బాతులు వచ్చి ఆమె కొంగు పట్టుకు లాగితే, వాటినీ పేరంటానికి పిలిచినట్టు మాట్లాడింది. ఇలా నించోండి అలా నించోండి అని మమ్మల్ని చంపొద్దక్కా, మా మానాన మేముంటాం, మీ మానాన మీరు తీసుకోండి అని ముందే చెప్పింది.

క్లిక్కక్కకి ఆ మాట నచ్చింది. నించోబెట్టే పని లేకపోతే మొగుడితోనూ పనిలేదు. ఈ ఒక్కరోజు నవ్వులన్నీ తన సొంతం అనుకుంది.

కానీ పెళ్ళికూతురు ఊరుకునే రకం కాదు. మీరు నాకు అక్కయితే ఆయన నాకు బావేగా అని వరస కలిపేసింది. బావగారూ ఈ దీపం ఎత్తి కట్టండి, బావగారూ ఆ బాతుని పట్టండి అని ఆయన్ని కొట్టంతా తిప్పింది. ఆయన తిరిగాడు. తిరుగుతూ క్లిక్కక్క కెమెరా ఎత్తినప్పుడల్లా అలవాటుగా వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. నిలబడగానే ఎదురుగా నవ్వులు పేలేవి. మంచి ఫొటోలు పడుతున్నాయని ఆమె చేతికి తెలుస్తూనే ఉంది, కడుపు మాత్రం భగభగ మండుతోంది.

పెళ్ళికూతురి అమ్మమ్మకి ముందు పళ్ళు లేవు. ఫొటో అంటే పెదాలు బిగించేసే మనిషి. పొద్దున్నుంచీ ఎన్ని ఫొటోలు తీసినా నోరు విప్పలేదు. మధ్యాహ్నం తలుపు పక్కన, వెలుతురు ఏటవాలుగా పడేచోట కూర్చుని ఉంటే క్లిక్కక్క వంగి కెమెరా పెట్టింది. వెనక ఆయన వచ్చి నిలబడ్డాడు. అంతే, ఆ ముసలామె నోరంతా తెరిచి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నా చేతిమీదుగా వెళ్ళిన ఫొటోలన్నిటిలోనూ అంత మంచిది లేదు. తీసినావిడకి మాత్రం సంతోషం లేదు. ఎందుకంటే ముసలామె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నీకేం తల్లీ, అదృష్టవంతురాలివి. మేం ఈ ఒక్కరోజు చూస్తాం, నీకు రోజూ ఇంట్లోనే ఉంటుంది ఈ సంబరం" అంది.

క్లిక్కక్క లెన్సు తుడిచే గుడ్డ తీసుకుని, తుడవాల్సిన అవసరం లేని లెన్సును చాలాసేపు తుడిచింది.

సాయంత్రం అందరూ కలిసి ఒక ఫొటో దిగుదామన్నారు. తలుపుల ముందు గడ్డిమోపులు మెట్లలా పేర్చి జనాన్ని ఎక్కించారు. కెమెరాను స్టాండు మీద బిగించి, వెలుతురు సరిచూసి క్లిక్కక్క వెనక్కి జరగబోతే, పెళ్ళికూతురు దిగొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మీరు లేకుండా ఎందుకు, నొక్కడానికి బావగారున్నారుగా అని లాక్కెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టింది.

అలా పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి ఆమె అటుపక్కకి వెళ్ళింది. కెమెరా వెనక ఆయన ఒక్కడే మిగిలాడు, ఆమెకు ఎదురుగా.

ఆయన వంగి చూసి, రెడీనా అన్నాడు. పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నట్టు. ఎవరూ నవ్వలేదు. జనం ఊరుకోలేదు. ఆ ముఖం పెట్టండి బావగారూ అని పెళ్ళికూతురు, అవును పెట్టాల్సిందేనని వెనకవాళ్ళు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కెమెరా నొక్కే తీగను వేళ్ళ మధ్య నలుపుతూ, ఇలాగే బాగుంది కదా అని గొణిగాడు.

క్లిక్కక్కకి ఇక దాచుకోవడం చేతకాలేదు.

"పెట్టవయ్యా. ఊరందరికీ పెట్టేదేగా, నా దగ్గరికొచ్చేసరికి ఏం అరిగిపోయింది?"

నవ్వుతూ అన్న మాట కాదని అక్కడున్నవాళ్ళకి కూడా తెలిసింది. ఆయన ఆమెనే కాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ళు కొంచెం వంచాడు. కుడి భుజం చెవిదాకా ఎత్తాడు. ఎడమ కన్ను గట్టిగా మూసి, నాలుక కొస నోటి మూలనుంచి బయటపెట్టి, నుదుటి మీద లేని జుట్టును ఉఫ్ అని ఊదాడు.

అందరూ విరగబడి నవ్వారు. ఆమెకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఎవరో ఆడమనిషిలా చేస్తున్నాడని మాత్రం తెలిసింది. ఆ ఆడమనిషి ఎవరో అనుకుని ఇంకా మండింది. అప్పుడు అమ్మమ్మ ఆమె తొడ మీద చరిచి, అచ్చం నువ్వేనే తల్లీ అంది. నువ్వు కెమెరాలో కన్ను పెట్టి ఇలా నాలుక బయటపెడతావు, సరిగ్గా నీ నెత్తి మీద ఆయనా అదే ముఖం పెడతాడు, ఒక కుండ మీద ఇంకో కుండ పెట్టినట్టు ఉంటారు, నీకు తెలియదా అంది.

ఆమెకు తెలియదు. ఫొటో తీసేటప్పుడు ఆమె ముఖాన్ని ఫొటో తీసినవాళ్ళు ఎవరూ లేరు. తెలిసే చేస్తున్నారని అందరూ అనుకున్నారు కాబట్టి చెప్పినవాళ్ళూ లేరు. సరిగ్గా అప్పుడే ఆయన నొక్కాడు. ఆ ఫొటో నా దగ్గరికి వచ్చింది. గడ్డిమోపుల నిండా జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మధ్యలో ఒకావిడ జేబు కొట్టేసినవాడు పక్కింటివాడేనని తెలిసినట్టు నోరు తెరుచుకుని చూస్తోంది. పెళ్ళికూతురు ఆల్బమ్ మొదటి పేజీకి అదే కావాలంది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఆమె ఆయన పక్కనే కూర్చుందట. ఎదురెండ కళ్ళలో పడుతోంది. ఆయన రోడ్డు మీదే చూపు పెట్టి నడుపుతున్నాడు. కొంత దూరం వెళ్ళాక ఆమే అంది, నన్ను వెక్కిరిస్తూ బతికావన్నమాట ఇన్నేళ్ళూ. ఆయన తల పక్కకి ఊపాడు. మళ్ళీ అది చాలదనుకున్నాడేమో, నోరు విప్పాడు.

"మొదట్లో పక్కన నిలబడి నిన్నే చూస్తుండేవాణ్ణి కదా. వెనక్కి పంపాక కనిపించడం మానేశావు. అందుకని ఆ ముఖం నేనే పెట్టుకున్నాను."

ఆయన గేరు మార్చాడు.

"ఇంట్లో పెట్టమంటావు. కింద నువ్వు లేకుండా అది ఒట్టి వెర్రిముఖం" అన్నాడు.

వ్యాను వంతెన దాటింది. ఆమె ఎండ తగలకుండా ముందరి రేకు కిందికి దించింది. దానికి లోపలివైపు చిన్న అద్దం ఉంది. అందులోకి వంగి, ఎడమ కన్ను మూసి, నాలుక కొస బయటపెట్టి చూసుకుంది.

"నా నాలుక నిజంగా ఇంత బయటికి వస్తుందా?"

"ఇంకా ఎక్కువే. నేనే తగ్గించి పెడతాను."