నాకు వెయ్యని కుర్చీ

బేతంచెర్ల బండలు పరిచిన నేల మీద ఇనుపకుర్చీ ఈడిస్తే కీచుమనే చప్పుడు ఒకటి వస్తుంది. అది వింటే ఇప్పటికీ నాకు పళ్లు జివ్వుమంటాయి. మొన్న ఆళ్లగడ్డలో, నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడిలో, ఆ చప్పుడు చేసింది నేనే. పక్కపిల్ల పెన్ను దొంగిలించిందని ఏడో తరగతి పిల్లనొకదాన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చి నా ముందు నిలబెట్టాడు డ్రిల్లు మాస్టరు. నేను లేచి ఆ పిల్ల కోసం కుర్చీ లాగాను. "దొంగకు కుర్చీ ఏంది మేడం?" అని ఆయన నోరెళ్లబెట్టాడు. ఎందుకో చెప్పాలంటే వీరభద్రయ్య సార్ గురించి చెప్పాలి. మీలో చాలామంది ఆయన్ను చూసి ఉండరు. నేను మాత్రం మరిచిపోదామన్నా కుదరడం లేదు.

డెబ్భైల చివర్లో నంద్యాలలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన మాకు తెలుగు లెక్చరరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్లచొక్కా జేబు మీద ఎప్పుడూ సిరా మరక ఉండేది. ఆ ఏడు కాలేజీ కమిటీ వ్యాసరచన పోటీ పెట్టింది. ఇంటి దగ్గర రాసి తెచ్చి ఇవ్వాలి. విషయం: కాలువ నీళ్లు వరికివ్వాలా, మెట్టపంటలకివ్వాలా? మొదటి బహుమతి వచ్చినవాళ్లకు డిగ్రీలో ఉచితంగా సీటు, హాస్టల్లో చోటు. మా నాయన ఆళ్లగడ్డ మిషన్ బడిలో అయ్యవారు. ఆయన తెగేసి చెప్పాడు: "గెలిస్తే బి.ఏ. చదువు. లేదంటే టీచరు ట్రైనింగుకు పో. అంతకుమించి నా చేత కాదు పాపా." నాకేమో బి.ఏ. చేసి, ఆపైన లా చదివి, కోర్టులో నిలబడి వాదించాలని పిచ్చి కోరిక.

వ్యవసాయ శాఖ కరపత్రం, పేపర్లో వచ్చిన వ్యాసం, రైతుల గురించి మా పెదనాయన చెప్పిన మాటలు అన్నీ ఏరుకొచ్చి, ఒకదాని వెనక ఒకటి పేర్చి, 'కావున రెండూ మంచివే' అని ముగించి తీసుకుపోయాను. సార్ చదివి కాగితాలు బల్ల మీద పడేశారు. "ఏందిమే ఇది? బంతిలో కూర్చున్నోళ్లకు తలా ఒక గరిటె వడ్డించినట్టుంది. నీ మాట యాడ?"

అప్పుడు లేచి స్టాఫ్ రూంలో కుర్చీలు ఈడ్చి వరసగా వేశారు. ఒకటి శాఖ వాళ్లది, ఒకటి పేపరు వాళ్లది, ఒకటి రైతుది. చివరిది నాది. ఒక్కో దాంట్లో కూర్చుని వాళ్ల తరఫున నేను మాట్లాడాలి. ఎవరి మాట చెబుతున్నానో వాళ్లు విని 'అవును, నేనన్నది ఇదే' అని తల ఊపేటట్టు చెప్పాలి. అది కుదిరేదాకా నా కుర్చీలో కూర్చోవడానికి వీల్లేదు. ఆయన పద్ధతి అది. రైతు కుర్చీలో కూర్చుని నేనేదో పుస్తకాల భాషలో మొదలుపెట్టానో లేదో, "చాలు లెయ్. నువ్వు ఆయప్పను చూడనే లేదు. పోయి కనుక్కోనిరా" అని లేపేశారు.

ఆదివారం నాయనను వెంటబెట్టుకుని కోయిలకుంట్ల దారిలో, కాలువ కొసనున్న పల్లెకు పోయాను. శనగచేను గట్టు మీద ఒక ముసలి రైతు మమ్మల్ని ఎగాదిగా చూసి, "నీళ్లంతా పైనోళ్లే పెట్టుకుంటాండారు మా. వరి వద్దని మేమంటామా? మాకూ ఒక తడి ఈయమంటాండాం. అది గూడ తప్పేనా?" అన్నాడు. సోమవారం ఆ మాట మోసుకొచ్చి రైతు కుర్చీలో కూర్చున్నాను. సార్ కళ్లు మూసుకుని విన్నారు. "ఇప్పుడు నీ కుర్చీలో కూచ్చో" అన్నారు. అబ్బ, ఆ సంతోషం ఏమని చెప్పను! ముగింపు రాసేటప్పుడు మాత్రం గట్టిగా హెచ్చరించారు: "అందరినీ మంచి చేసుకునే ముగింపు ముగింపే కాదు. అందరి మాటా విను. విన్నాక నీకేది నిజమనిపిస్తే అది రాయి. భయపడొద్దు."

రాశాను. పైపొలాల్లో వరి కొంత తగ్గించుకుని కొస పొలాలకు ఒక తడి ఇవ్వాలని రాశాను. కమిటీ పెద్దకు కాలువ మొదట్లోనే వరిమడులున్నాయని నాకేం తెలుసు?

ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు. కమిటీ పెద్ద, ప్రిన్సిపాల్, సార్ ముగ్గురూ కూర్చుని ఉన్నారు. గోడవార ఖాళీ కుర్చీలున్నా నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. కమిటీ పెద్ద నా కాగితాలు ఊపుతూ, "ఇన్ని సంగతులు ఆళ్లగడ్డ ఆడపిల్లకు యాడనుంచి వస్తాయప్పా? ఎవురో రాసిచ్చినారు" అన్నాడు. ప్రిన్సిపాల్ మా సార్ వైపు తిరిగారు. "వీరభద్రయ్యా, మీ దగ్గరికే కదా వచ్చేది. ఈ పిల్ల రాస్తాంటే చూసినారా?"

నేను సార్ మొహంలోకి చూశాను. ఆయన కిటికీలోకి చూశారు.

"నేను చూడలేదు సార్."

అంతే. నన్ను ఒక్క మాట అడగలేదు. బహుమతి కమిటీ పెద్ద బంధువుల పిల్లవాడికి పోయింది. నేను ట్రైనింగుకు పోయాను. నాయన ట్రంకుపెట్టె బస్సు పైకెక్కించి, దాన్ని కట్టిన తాడు ముడి ఊరికే మళ్లీ మళ్లీ బిగించాడు.

ఎనభైల్లో ఒకసారి నంద్యాల బస్టాండులో సార్ ఎదురుపడ్డారు. జుట్టంతా నెరిసిపోయింది. "బాగుండావామ్మా? ఇంకా రాస్తాండావా?" అన్నారు. "పిల్లలతో రాయిస్తాండా సార్. మీ కుర్చీలు వేసే" అన్నాను. కావాలనే అన్నాను. ఆయన పెదవులు కదిలాయి. ఇంతలో బనగానపల్లె బస్సొచ్చింది. ఆ బస్సు పోతే ఇంకోటి ఉంది. అయినా ఎక్కి వెళ్లిపోయారు. ఆ తరవాత ఎక్కువ రోజులు బతకలేదు. పలకరించడానికి పోతే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "ఆ యేడు మీ సారు ఉద్యోగం ఇంగా ఖాయం కాలేదమ్మా. నోరు తెరిచింటే ఇంటికి పంపేటోళ్లు. పిల్లలు చిన్నోళ్లు" అని ఏడ్చింది. ఆమెను ఏమనగలను? నేనూ ఏడ్చాను.

ఇప్పుడు పాత విద్యార్థులు ఆయన పేరు మీద సంచిక వేస్తున్నారట. "నాలుగు మంచి మాటలు రాయక్కా" అని ఫోన్ చేశారు. సరే, ఆయన పద్ధతిలోనే రాస్తున్నాను. శిష్యుల కుర్చీలో కూర్చున్నాను: అంత గొప్పగా చెప్పినవారు నంద్యాలలో మళ్లీ పుట్టలేదు. నిజం. ఆయన భార్య కుర్చీలో కూర్చున్నాను: సంసారమున్న మనిషి, భయపడ్డాడు. అదీ నిజం. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు నాకూ భయమేసింది. ఇక మిగిలింది నా కుర్చీ. భయపడొద్దని నాకు చెప్పి తను భయపడ్డాడు. భయానికి కారణముంది. అయినా ఆయన చేసింది అన్యాయం. నేను క్షమించలేదు. అందరినీ మంచి చేసుకునే ముగింపు రాయొద్దని చెప్పింది ఆయనే. అచ్చు వేసుకుంటే వేసుకుంటారు, లేకపోతే లేదు.

మొన్న ఆ ఏడో తరగతి పిల్ల కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. డ్రిల్లు మాస్టరు ఏదో అనబోయాడు. చెయ్యెత్తి ఆపాను.

"ముందు నువ్వు చెప్పు పాపా" అన్నాను.