ఎస్తేరు బల్ల దగ్గర ఎస్తేరు లేదు

బీదర్ వెళ్లొచ్చానంటే అందరూ ముందు కోట సంగతే అడుగుతారు. ఈసారి నేను కోట వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అక్కడి నౌబాద్‌లోని ఒక ప్రైవేటు బడిలో అంతరిక్ష యాత్రల మైలురాళ్ల మీద పిల్లలు ప్రదర్శన పెడుతున్నారంటే, దానికోసమే హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని వెళ్లాను. మా చెల్లెలు రూతు కూతురు ఎస్తేరు ఆ బడిలో తొమ్మిదో తరగతి. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మహిళ గురించి చెప్పే బల్ల దానిది. రూతు సంతపూర్‌లో నర్సు, మా మరిది కొల్హార్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆ రోజు ఇద్దరికీ సెలవు దొరకలేదు. ఎస్తేరు నాకు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నువ్వన్న రా. నేను చెప్తుంటే ఇననీకె మనోళ్లు ఒక్కరన్న ఉండాలె. మంచిగ చెప్పినోళ్లను ఇద్దర్ని బెంగళూరుకు తీస్కపోయి నక్షత్రశాల సూపెడతరంట" అంది. నెల నుంచి అద్దం ముందు నిలబడి అదే పాఠం చెప్పుకుంటోందని, ఇంట్లో అందరికీ చెవులు చిల్లులు పడుతున్నాయని వెనక నుంచి రూతు నవ్వింది. నేను ఆఫీసులో సెలవు పెట్టేశాను.

తెలతెలవారుతుండగా లింగంపల్లిలో జహీరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జహీరాబాద్ దాకా ఉచితం. అక్కడ దిగి, బస్టాండ్‌లోనే టీ తాగి, బీదర్ బస్సు పట్టుకోవాలి. దానికి టికెట్ కొనాల్సిందే. నేరుగా వెళ్లే బస్సులూ ఉన్నాయి కానీ ఇలా మారితే నడుము కాస్త తెరిపిన పడుతుంది. దారంతా ఎర్రమట్టి, కోసేసిన కంది చేలు, మధ్యలో చెరకు లారీలు. మొత్తం నాలుగు గంటల లోపే బీదర్ చేరాను. బస్టాండ్ బయట నౌబాద్‌కు షేర్ ఆటో ఇరవై రూపాయలకు వస్తుంది. నేను ఆలస్యమవుతుందని సొంతంగా ఒక ఆటో మాట్లాడుకున్నాను. వంద అడిగి ఎనభైకి దిగాడు.

బడి పేరు చెప్పగానే డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఆడికి ఎవరో లీడర్ వస్తుండంట గదా అక్కా" అన్నాడు. "పొద్దుగాలనే ట్యాంకర్ తెచ్చి రోడ్డు మీద నీళ్లు జల్లిండ్రు. మా గల్లీల మోరీ నిండి పొర్లుతాంది, నెల రోజులాయె, ఒక్కడు గూడ తొంగిసూడలే. దుమ్ముకు నీళ్లు జల్లేటందుకు మాత్రం పైసలుంటయి." పైన శిక్షణ విమానం ఒకటి మోత పెట్టుకుంటూ పోయింది. ఆ మోతలో మిగతా తిట్లు కలిసిపోయాయి.

బడి గేటు ముందు దిగేసరికి ఆడపిల్లలు రెండు వరుసల్లో నిలబడి ఉన్నారు. అందరికీ పట్టుచీరలు, తలనిండా కనకాంబరాలు, చేతుల్లో పూల పళ్లేలు. పెళ్లికొడుకుకు ఎదురుకోలు పలకడానికి వచ్చిన ఆడపెళ్లివాళ్లలా ఉన్నారు. మొదటి వరుసలో, అందరికంటే ఎత్తుగా, రూతు పెళ్లి నాటి మెరూన్ చీరలో మా ఎస్తేరు ఉంది. ఎండకు ముక్కు మీద చెమట.

"నువ్వేంది ఈడ?" అన్నాను.

"ఎత్తుగున్నోళ్లను గేటు కాడ నిలవడమన్నరు పెద్దమ్మా. ఎనిమిది గంటల నుంచి నిలవడ్డం. ఆయన ఇంకా రాలే."

"మరి నీ బల్ల?"

ఎస్తేరు పూల వంక చూస్తూ, "వేరే పిలగాన్ని పెట్టిండ్రు" అంది. అప్పటికి పదిన్నర దాటింది.

లోపల హాలు నిజంగా బాగుంది. అది ఒప్పుకోవాలి. పిల్లలు వరుసగా పది బల్లలు పెట్టారు. మొదటి బల్ల మీద స్టీలు బంతికి సైకిల్ చువ్వలు గుచ్చి చేసిన తొలి ఉపగ్రహం. రెండో దాని మీద పాపం అంతరిక్షంలోకి వెళ్లి తిరిగిరాని కుక్క, మూడో దాని మీద మొదటి మనిషి. అటు తర్వాత చంద్రుడి మీద అడుగు, మన తొలి ఉపగ్రహం, అంగారకుడి చుట్టూ తిరిగిన మన నౌక, చివర్లో చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన చంద్రయాన్. అట్టపెట్టెలు, వెండి కాగితం, పాత హెల్మెట్లు. నాలుగోది ఎస్తేరు బల్ల. రూతు చున్నీతో కుట్టిన నారింజ రంగు వ్యోమగామి బట్టలు బొమ్మకు తొడిగి ఉన్నాయి. దాని వెనక చేతులు కట్టుకుని ఒక అబ్బాయి నిలబడ్డాడు.

ఒక తండ్రి వాణ్ణి అడిగాడు. "ఈమె ఏం చేసింది బాబూ?"

"ఫస్ట్ లేడీ సార్. రాకెట్ల కూసున్నది, తిరిగింది, వచ్చింది. గంతే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్లవాణ్ణి ఏమీ అనను. వాడికి ఆ పొద్దున్నే చార్ట్ చేతికిచ్చి నిలబెట్టారు. కానీ నెల రోజులు కష్టపడింది ఎవరు, బల్ల వెనక నిలబడింది ఎవరు? సొమ్మొకరిది, సోకొకరిది. పైగా మార్కులు వేసే కాలేజీ లెక్చరర్ అప్పుడే మొదటి బల్ల దగ్గరికి వచ్చింది. బల్ల దగ్గర ఎవరు చెబితే మార్కులు వాళ్లకే.

ప్రిన్సిపాల్ గారు స్టేజి దగ్గర దండలు లెక్క చూసుకుంటున్నారు. వెళ్లి అడిగాను. ఆయన నవ్వుతూనే జవాబిచ్చారు. "స్వాగతం అంటె ఆడపిల్లలే ఉండాలె గద మేడం. చార్ట్ మీద అంతా రాసుంది. ఎవరు చదివినా ఒకటే."

ఎవరు చదివినా ఒకటేనట! అలాగైతే పూలు ఎవరు చల్లినా ఒకటే కదా! అబ్బాయిలకు చేతులు లేవా? అదే మాట ఆయన ముఖం మీదే అనేసి, జవాబు కోసం ఆగకుండా గేటు దగ్గరికి నడిచాను. ఎస్తేరు చేతిలోంచి పళ్లెం లాక్కున్నాను.

"పో. నీ బల్ల కాడికి పో. జడ్జి వస్తుంది."

"పెద్దమ్మా, సార్ తిడతడు."

"నన్ను తిట్టమను."

అది చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. వెనకే వచ్చిన ప్రిన్సిపాల్ గారు, "ఇదేంది మేడం, లైన్ ఖరాబు అయితాంది" అన్నారు. "ఎత్తుగున్నోళ్లు కావాలన్నరు గదా సార్. నేను దానికంటె ఎత్తే" అన్నాను. ముడతలు పడ్డ కాటన్ డ్రెస్సు, భుజాన బ్యాగు, కాళ్లకు ప్రయాణపు దుమ్ము, చేతిలో బంతిపూల పళ్లెం. పక్కనున్న ఆడపిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. వినడానికి నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చిన నేను, ఎస్తేరు జడ్జికి చెప్పిన ఒక్క ముక్కా వినలేదు. ఒళ్లు మండిపోతుంటే గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను.

నాయకుడి కారు మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చింది. నేను పూలు చల్లితే ఆయన ఒక క్షణం తికమకపడి, నమస్కారం పెట్టి ముందుకు పోయాడు. నేనూ పళ్లెంతోనే వెనకాల లోపలికి నడిచాను. చంద్రయాన్ పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఫోన్ మాట్లాడాడు. నాలుగో బల్ల దగ్గర మాత్రం పట్టుచీర చూసి ఆగాడు. అప్పటికి ఎస్తేరు గొంతు సర్దుకుని మొదలుపెట్టబోతోంది.

"ఏమ్మా, చీర గట్టుకొని రాకెట్ల కూసుంటవా?" అన్నాడు. వెంట ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ప్రిన్సిపాల్ గారు అందరికంటే గట్టిగా నవ్వారు.

ఎస్తేరు నవ్వలేదు. "చీర మీరొస్తుండ్రని కట్టించిండ్రు సార్. రాకెట్‌కు ఏం తొడుక్కోవాల్నో నాకు తెలుసు" అంది.

ఆయన "హుషారున్నది" అని గొణిగి పక్క బల్లకు నడిచాడు.

స్టేజి మీద బెంగళూరుకు వెళ్లే ఇద్దరి పేర్లు చదివారు. అందులో ఎస్తేరు లేదు. పొగ వదిలే రాకెట్ చేసిన అబ్బాయి ఒకడు, చంద్రయాన్ బల్ల దగ్గరి అబ్బాయి ఇంకొకడు. నేను వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్ గారు దాచుకోలేదు. "చెప్పుడు అందరికంటె మంచిగ చెప్పిందనే అన్నది జడ్జి మేడం. కానీ ఇచ్చిన డ్యూటీ ఇడిసిపెట్టి పోయింది గద. డిసిప్లిన్ గూడ సూడాలె." డ్యూటీ అట! పూలు పట్టుకుని నిలబడడం డ్యూటీ, నెల రోజుల చదువు మాత్రం కాలక్షేపం. నేను అనాల్సినవన్నీ అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

నౌబాద్ రోడ్డు మీదే సరోజక్క నడిపే చిన్న మెస్ ఉంది. డెబ్బై రూపాయలకు జొన్నరొట్టె, పుంటికూర పప్పు, మజ్జిగ. ఆమె స్వయంగా రొట్టెలు కొడుతుంది. ఎస్తేరు చీర చూసి, "ఎవరి పెండ్లి బిడ్డా?" అని అడిగింది. "పెండ్లి గాదక్కా, సైన్సు" అంది ఎస్తేరు. ఆమెకు అర్థం కాక నా వైపు చూసింది. అప్పుడు నేను అన్నాను. "నేను ఇననే లేదు. ఇప్పుడు చెప్పు."

అది రొట్టె పక్కన పెట్టి, నిలబడి చెప్పింది. "ఆమె బట్టల మిల్లుల పనిచేసేది. పారాచూట్ కట్టుకొని దుంకుడు నేర్చుకున్నది. ఒక్కతే భూమి సుట్టు నలభై ఎనిమిది సార్లు తిరిగింది. ఆ నౌకను కిందికి దించాల్సింది పోయి మీదికి పోయేటట్టు తప్పుగ పెట్టిండ్రు. అది కనిపెట్టింది ఆమెనే. కిందున్నోళ్లకు చెప్తే సరిచేసిండ్రు. కానీ ఆ తప్పు సంగతి ఎవలకు చెప్పొద్దన్నరు. ఆమె శానా ఏండ్లు నోరు ఇప్పలే. జనమేమో ఆమెకు శాతగాలే అనుకున్నరు. ఆమె తర్వాత ఇంకొక ఆడామె పైకి పోవుటానికి పందొమ్మిదేండ్లు పట్టింది."

సరోజక్క పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. పెనం మీద రొట్టె మాడింది. "తప్పు చేసినోడు మంచిగున్నడు, పట్టుకున్నామె సెడ్డదాయె" అని ఇంకో రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

నా వల్లే దాని బెంగళూరు పోయిందేమోనని నాకు లోపల పీకుతూనే ఉంది. ఆ మాటే అడిగాను. ఎస్తేరు తల అడ్డంగా ఊపింది. "నువ్వు పళ్లెం తీసుకోకుంటె నేను చెప్పకనే పోదును పెద్దమ్మా. రెండో ఆమె పందొమ్మిదేండ్లు ఆగింది. నేను ఒక్క యేడు ఆగుత, గంతే గదా."

తిరుగు బస్సులో ఆ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. దాని ఓపిక చూసి మురిసిపోవాలని కొందరికి అనిపిస్తుందేమో. నాకు మాత్రం కోపమే వచ్చింది. పద్నాలుగేళ్ల పిల్లకు ఇంత ఓపిక ఎందుకు నేర్పాం? ఒక్క యేడు మాత్రం ఎందుకు ఆగాలి? మనిషి చంద్రుడి మీదికి వెళ్లాడని హాలు నిండా బొమ్మలు పెట్టిన పెద్దవాళ్లకు, గేటు నుంచి హాలు దాకా ఒక ఆడపిల్లను వెళ్లనివ్వడం కష్టమైపోయింది.

బడి ప్రదర్శనలు చూడాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ముఖ్య అతిథి వచ్చే వేళకు వెళ్లకండి, పొద్దున్నే వెళ్లండి. గేటు దగ్గర పూల పళ్లెంతో ఏ అమ్మాయి కనిపించినా దాటిపోకండి. ఆగి, "నీ బల్ల ఏది?" అని అడగండి.