కుందూ వంతెన రాతికి రెండో వైపు

వంతెన పూర్తయ్యాక దాని శిలాఫలకం మీద మా అన్న పేరు వేయిస్తానని ఒక మనిషి మా అమ్మకు మాట ఇచ్చాడు. మా అన్న ఓబులేసు నంద్యాలలో కుందూ నది మీది పాత వంతెన కట్టేటప్పుడు పని చూసే సూపర్‌వైజరు. పని మధ్యలో వరద వచ్చి అన్ననూ, షేక్ మస్తాన్ అనే మేస్త్రీనీ తీసుకుపోయింది. మాట ఇచ్చినవాడు అక్కడి ఇంజినీరు, కర్నూలు కాలేజీలో నాతో చదివినవాడు. ఫలకం మీద మంత్రి పేరు వచ్చింది, అధికారుల పేర్లు వచ్చాయి. ఆ ఇద్దరి పేర్లు రాలేదు.

ఈ బ్లాగులో రాస్తున్న ప్రయాణానికి కారణం మాత్రం ఈమధ్యది. అంతర్జాలంలోని విజ్ఞాన సర్వస్వంలో ఆ వంతెన గురించి ఒక వ్యాసం ఉంది. ఉన్నవే నాలుగు వాక్యాలు, వాటి పక్కన ఇంకేదో వంతెన ఫోటో. వాక్యాలు సరిదిద్ది, చనిపోయిన ఇద్దరి గురించి ఒక వాక్యం చేర్చాను. మారుపేరుతో రాసే ఒక సంపాదకుడు ఆధారం లేదని తీసేశాడు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాడు. "మీకు స్వయంగా తెలియడం ఆధారం కిందికి రాదండీ" అని ఓపికగా రాశాడు. జీవితమంతా చరిత్ర గ్రంథాలు చదువుతూ గడిపిన నాకు బహుశా మనవడి వయసువాడు చెప్పిన పాఠం అది. అందులో తప్పేమీ లేదు, అందుకే ఎక్కువ మండింది. పాత పత్రికలు వెతికాను, ఏమీ దొరకలేదు. ఇక మిగిలింది ఆ రాయి చెక్కినవాళ్ళు. ఈ ప్రాంతంలో రాయి చెక్కించాలంటే ఎవరైనా ఆళ్ళగడ్డకే పోతారు.

కర్నూలులో పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే పాణ్యం మీదుగా రెండు గంటల్లో నంద్యాల. బస్టాండు ఎదురుగా ఉగ్గాని, బజ్జి తిని ఆళ్ళగడ్డ బస్సు పట్టుకుంటే ఇంకో గంట పైన. రెండు టికెట్లూ కలిపి రెండు వందలు దాటవు. ఆళ్ళగడ్డలో శిల్పుల షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి, దారి అడగనక్కర్లేదు, కోత మిషన్ల మోత వైపు నడిస్తే చాలు. రెండో షెడ్డులోనే నాకు కావలసిన మనిషి దొరికాడు. పేరు సుబ్బాచారి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. ఫలాన వంతెన ఫలకం అనగానే మిషన్ ఆపాడు.

"అది మా నాయన చెక్కిన బండ. నేను అచ్చరాలకు రంగు పూస్తాంటి. రెండుతూర్లు చెక్కినాం గదప్పా దాన్ని."

"రెండుసార్లు ఎందుకు?"

"ముందు సచ్చినోళ్ళ పేర్లు ఇద్దురివి ఏసి పంపిస్తిమి. నాలుగు దినాలకే లారీలో మల్లా ఈడికే వచ్చె. మంత్రి వస్తాండాడు, పాతవి అరగదీసి ఈ పేర్లు ఏయండి అన్యారు."

ఫలకాల పనిలో అది మామూలేనట. పదవులు మారినప్పుడు పాత అక్షరాలు అరగదీసి, అదే రాతి మీద కొత్త పేర్లు చెక్కుతారు.

"మా నాయన మాత్రం ఒప్పుకోల్యా. సచ్చినోళ్ళ పేర్ల మింద ఉలి పెట్టేది లేదన్యాడు. బండ బోర్లేసి ఈపున చెక్కినాడు."

"అయితే ఆ పేర్లు?"

"యాడికి పోతాయి? గోడలోనే ఉండాయి."

రాయి వెనక్కి తెచ్చిందెవరని అడిగాను.

"ఇంజినీరు. సన్నగా ఉంటాండె. నాయన బండ బోర్లేస్తాంటే ఇదో, ఈడ్నే కుచ్చోని ఏడ్చినాడు. టీ తెప్పిస్తే తాగల్యా."

ఆ రాయిని ఊడదీయవచ్చా అని అడిగితే సుబ్బాచారి నవ్వాడు. "రెండు పక్కలా చెక్కినాక అది బండ కాదప్పా, అప్పడం. గడ్డపార పెట్టినావంటే నడిమికి ఇరుగుతాది." అంతర్జాలంలోని ఆ సంపాదకుడి గొడవ చెప్పి, ఈ సంగతంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. "పెడితే ఆ కంప్యూటరోడు నమ్ముతాడా?" అన్నాడు. నమ్మడన్నాను. "మరింకేంది? అన్నం తిని పో."

తిని, ఎండ కాస్త తగ్గాక నంద్యాల వచ్చాను. బస్టాండు నుంచి వంతెన దాకా పోయి, అక్కడ ఆగి, తిరిగి రావడానికి ఆటోకు నూట యాభై. డ్రైవరు మహబూబ్. ఫలకం వంతెన మొదట్లో పిట్టగోడలో ఉంది, దాని మీద ఒక ట్యూషన్ సెంటరు పోస్టరు. పోస్టరు చించి, సీసాలో నీళ్ళతో రాయి కడుగుతుంటే మహబూబ్ బీడీ ముట్టించి చూస్తూ నిలబడ్డాడు.

"రాయికి తానం పోస్తాండావేందప్పా? మొక్కా?"

ఫోటోలు తీశాను. పై మూల సున్నం రాలిపోయి, రాతికీ గోడకీ మధ్య సందు ఏర్పడింది. అందులోకి వేలు పోనిచ్చాను. వెనుక ఒక గాడి తగిలింది. దాని పక్కనే ఇంకొకటి, వంపు తిరిగినది. అది అక్షరమే. ఏ అక్షరమో, ఎవరి పేరులోదో తెలియలేదు.

"తేలుంటాది, తియ్యప్పా చెయ్యి!"

అప్పుడు అతనికి విషయం చెప్పాను. బీడీ పారేశాడు. "మస్తాన్ అంటివా? బండిలో రాడ్డుంది. రెండు పోట్లు పొడుస్తే ఊడొస్తాది. ఎవురడిగేది?"

వద్దన్నాను. విరిగిన రాయి కంటే, లోపల సురక్షితంగా ఉన్న రాయి నయం.

ఇంటికి వచ్చి వ్యాసంలో సరైన ఫోటో పెట్టాను. దాన్ని ఆ సంపాదకుడు తీయలేదు, ధన్యవాదాలు కూడా చెప్పాడు. పేర్లు మాత్రం నేను మళ్ళీ చేర్చలేదు. గోడలో వేలికి తగిలినదానికి మూలం చూపించలేను, ఇలాంటి బ్లాగు రాతలు కూడా ఆధారం కింద చెల్లవట. వంతెన పడగొట్టేదాకా ఆ ఫలకం మంత్రిగారిదే. మీరు కూడా శాసనాల, ఫలకాల ఫోటోల కోసం వెళ్తే, నాలాగా సాయంత్రం దాకా ఆగకుండా, ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి పూట ముందు వంతెన చూసుకుని తర్వాత ఆళ్ళగడ్డకు పోండి. అరిగిన అక్షరం కూడా అప్పుడు చదవడానికి వస్తుంది.

ఫలకం మీద పేర్లు మార్పించినవాళ్ళ మీద నాకిప్పుడు పెద్ద కోపం లేదు. అధికారం అలాగే ఉంటుందని ఎన్నో పుస్తకాల్లో చదివాను. మా అమ్మకు చదువు రాదు. నంద్యాల పోయిన ప్రతిసారీ ఆ రాయి దగ్గర నిలబడి, దారినపోయేవాళ్ళను పిలిచి చదివించుకునేది. ఒకసారి నేను పక్కన ఉండగా ఆ ఇంజినీరే ఎదురుపడ్డాడు. అమ్మ అడిగితే మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా చదివాడు. "ఇందులో లేడమ్మా" అన్నాడు. ఏ గోడలో ఉన్నాడో తెలిసిన మనిషి, ఆ గోడకు జానెడు దూరంలో నిలబడి ఆ మాట అన్నాడు. అతని పేరు చంద్రమౌళి.