ఎర్ర గీత

ఆస్ట్రేలియాలోని మర్రే బ్రిడ్జ్ అనే ఊళ్లో క్లైవ్ హనఫోర్డ్ ఇంటి వెనక షెడ్డులో ముప్పై ఏళ్లనాటి డీజిల్ జీపుంది. రిటైరైన దగ్గర్నుంచీ అదే అతని లోకం. బోల్టు బిగించగానే భార్య గోళ్లరంగు సీసా తీసి, దాని మీదుగా పక్క లోహం దాకా సన్నగా ఒక ఎర్ర గీత గీస్తాడు. బోల్టు వదులైతే గీత తెగి కనిపిస్తుంది. "పెళ్లికూతుర్ని చేస్తున్నావేంట్రా!" అని నవ్వుతాడు బెవన్. నలభై ఏళ్లుగా స్నేహితుడు. ప్రతి శనివారం వచ్చి, పానాలు అందించి, టీ తాగి వెళ్తాడు. చలికాలమంతా కూర్చుని క్లైవ్ బాగుచేసుకున్న టర్బోని, అంటే ఇంజన్లోకి గాలి నెట్టే యంత్రాన్ని, ఒకసారి పరీక్ష చేయిస్తానని అడిలైడ్ తీసుకెళ్లిందీ అతనే. "లోపల పగిలిందటరా, అక్కడే పారేశారు" అని వట్టి చేతుల్తో వచ్చాడు. క్లైవ్ మళ్లీ ఇంకో టర్బో వెతుక్కున్నాడు.

మొన్న ఆదివారం బెవన్ పెరట్లో విందు. బెవన్ భార్య గ్లెనిస్ తాళాలు చేతికిచ్చింది. "మా బండి ఇంజన్లో నూనె ఎంతుందో చూసిపెట్టవా క్లైవ్? ఆయన పొయ్యి దగ్గర్నుంచి కదలడు." క్లైవ్ బానెట్ ఎత్తాడు. లోపల టర్బో డొప్పని బిగించిన అయిదు బోల్టులు, అయిదు ఎర్ర గీతలు. ఒక్కటీ తెగలేదు. పట్టకారు చేత్తో పట్టుకునే బెవన్ పరుగున వచ్చాడు.

"నూనె... సరిపోయిందా?"

"సరిపోయింది" అని క్లైవ్ చప్పుడు కాకుండా బానెట్ మూశాడు.

శనివారం బెవన్ వచ్చేసరికి షెడ్డు తలుపు లోపల గడియ వేసి ఉంది.

"తియ్యరా ముసలోడా! బిస్కెట్లు కూడా తెచ్చా."

లోపల పానా చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.