వాపసు రాని స్టీరింగు

మొన్న కుండల్‌వాడిలో ఒక పెళ్లి విందులో కూర్చున్నప్పుడు, పక్క వరుసలోని పెద్దమనిషి కల్లు మానలేని తన తమ్ముడికి బుద్ధి చెబుతూ, "అరే, నాందేడ్ల సేటు మోటారు నడిపినాయన్ను యాది జేస్కో. తులసాకు వట్టుకొని ఒట్టేసిండు, తెల్లారి మోటారు సుత సక్కగ నడిసింది" అన్నాడు. అందరూ నవ్వారు. ఎదుటి వరుసలో ఉన్న నా భార్య మాత్రం విస్తరి మడిచి లేచిపోయింది. ఆ డ్రైవరు ఆమె తండ్రి, నాకు మేనమామ. ఆయన పోయి నాలుగేళ్లయినా ఊళ్లు ఆ కథను వదలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, నిజాం కాలంలో నాందేడులో మోటార్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటికి దారి ఇవ్వడం కన్నా వాటి వెనక పరుగెత్తడమే జనానికి ముచ్చట. పత్తి వ్యాపారం చేసే ఒక సేటుకు పాత మోటారు ఉండేది. మామ దాని డ్రైవరు, నేను దాన్ని బాగుచేసే మిస్త్రీని. మామకు కల్లు వాసనకే తలనొప్పి వచ్చేది; ఆయనకున్న వ్యసనమల్లా సాసరులో పోసుకుని చప్పుడు చేస్తూ తాగే చాయ్ ఒక్కటే.

ఒక దసరా ముందు నేను బండి బరువు మోసే ముందరి కమాను పట్టీలు విప్పి, సాగినవాటికి వంపు పెట్టించి మళ్లీ బిగించాను. ఆ మరునాటి నుంచి బండి ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఊగుతూ, ఎద్దుబండ్ల వాళ్లను మడికట్లలోకి తరుముతూ నడవసాగింది. ముందు భాగాన్ని జాకీ మీద లేపి చక్రాన్ని మీదా కిందా పట్టి ఊపాను, పక్కలకు ఊపాను, టైర్ల అంచులు అరచేత్తో నిమిరాను, స్టీరింగు కడ్డీల కీళ్లు ఒక్కొక్కటే కదిపి చూశాను. ఎక్కడా వదులు లేదు. మామ మాత్రం ఒకటే మాట చెప్పేవాడు: "అల్లుడా, స్టీరింగు మలిపినంక దానంతటది వాపస్ వస్తలేదురా, నేనే గుంజుకోవాలె."

హైదరాబాదులో రెండేళ్లు పని నేర్చుకొచ్చినవాణ్ని, నాగలి వదిలి స్టీరింగు పట్టిన మనిషి చెబితే వింటానా? సేటు నిలదీస్తే, బండిలో ఏమీ లేదనీ, ఉంటే నడిపేవాడిలో ఉండాలనీ అనేశాను.

మామ తాగి నడుపుతున్నాడని సేటు అనుకోవడానికి ఆ మాట చాలింది. సేటు మామ చేతిలో తులసాకు పెట్టి, తాగనని ఒట్టయినా వెయ్యి, తాళమయినా ఇచ్చిపో అన్నాడు.

"తాగనోనికి ఒట్టెందుకు మాలక్?"

"తాగనోనికి ఒట్టంటె భయమెందుకు?"

ఇంట్లో తినే నోళ్లు ఐదు. మామ ఒట్టు వేశాడు.

సిగ్గుతో మొహం చూపలేక నేను బండి కిందికి దూరాను. అప్పుడు కనబడింది. ఇరుసుకూ కమానుకూ నడుమ ఒక అంచు మందంగా, ఒక అంచు పల్చగా ఉండే చిన్న ఇనుప ముక్క ఉంటుంది. మలిపిన చక్రాన్ని తిరిగి తిన్నగా తెచ్చేది అదే. మందం అంచు వెనక్కి ఉండాలి. రెండు పక్కలా నేనే దాన్ని ముందుకు పెట్టి బిగించాను. తిప్పి పెట్టాను, ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మామ మూల మలిపి చేతులు సడలించగానే స్టీరింగు గిర్రున తిరిగి దాని చోటికి వచ్చింది. వెనక సీట్లో సేటు, ఒట్టు మహిమ చూశావా అని మురిసిపోయాడు. మామ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, పక్కనున్న నా వైపు తిరిగి, "ఒట్టు నేనేస్తె చక్రానికి సుత పట్టింది గదరా అల్లుడా!" అన్నాడు. ఆయనకు తెలిసిపోయింది. నోరు విప్పితే నా పని పోయేది. విప్పలేదు సరికదా, రెండేళ్లకు పిల్లనిచ్చాడు.

పెళ్లి నుంచి ఇంటికి రాగానే ఇదంతా నా భార్యకు చెప్పాను. ఆమె నింపాదిగా వింది. "బాపు మన పెండ్లినాడే జెప్పిండు. నువ్వు ఎన్నడు జెప్తవా అని సూస్తున్న."

ఇప్పుడు ఆ దారిలో బస్సులు తిరుగుతున్నాయి, డ్రైవరు కాస్త పక్కకు లాగితే జనం బండినే తిడతారు, మనిషి నోరు వాసన చూడరు. ఆ రోజుల్లో ఇనుప ముక్క తిప్పడానికి నాకు పూట కూడా పట్టలేదు. మాట అలా కాదు. మామ చెప్పింది నిజమే, అది దానంతటది వాపసు రాదు. ఆలస్యమైనా, నేనే గుంజుకుంటున్నాను.