నొప్పి నిర్వహణ అంటే ఏంది?

జమ్లీకి కాగితాల మీద నమ్మకం లేదు. పైన ‘కేవలం సమాచారం కోసం’ అని ఉన్నవంటే మరీను. రెండేళ్ల కింద అలాంటిదే ఒకటొస్తే, ఆమెతో పనిచేసే సుమలత గ్లౌజులు చాలడం లేదని ఉన్నదున్నట్టు రాసింది. నెల తిరగకుండానే సుమలతను మొగుళ్లపల్లికి బదిలీ చేశారు. కారణం ఎవరూ చెప్పలేదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేకపోయింది.

జనం మానుకోట అనే మహబూబాబాద్‌లోని ఒక దవాఖానలో, పసిపిల్లల వార్డులో జమ్లీ పదకొండేళ్లుగా నర్సు. పల్లవి అనే పరిశోధక విద్యార్థిని ప్రశ్నల కట్టతో ఆ వార్డుకొచ్చిన రోజు జమ్లీ ముందుగా చూసింది ప్రతి కాగితం మూలనున్న అంకెను.

“గీ నంబర్ ఏంది?”

“లెక్క కోసమే అక్కా. పేర్లు రాస్తలేం.”

“నంబరుంటే పేరెందుకు?”

పల్లవి ఓపిగ్గా చెప్పింది. పసిబిడ్డల నొప్పి గురించి నర్సులకేం తెలుసో, ఏం చేస్తున్నారో అడిగే ప్రశ్నలివి. ఇంగ్లీషులో రాసినవి. కొరియాలో తమ భాషలోకి మార్చుకునేటప్పుడు అక్కడి నర్సులను కూర్చోబెట్టి, ఏ మాట ఎలా అర్థమైందో అడిగారట. తెలుగులోనూ అలాగే చేయాలట. ఎక్కడి కొరియా, ఎక్కడి మానుకోట! జమ్లీ అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

“అన్నిటికీ ‘ఎల్లప్పుడూ’ అని టిక్కు పెట్టి ఇచ్చెయ్యిండ్రి” అంది వార్డు ఇన్‌చార్జి శారద. అందరూ పెట్టేశారు.

జమ్లీ పెన్ను మాత్రం నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. ‘శిశు వేదన నిర్వహణలో మీరు ఏ మేరకు పాల్గొంటారు?’ నిర్వహించేది సభలు గదా, నొప్పిని నిర్వహించుడేంది? బిడ్డలకు నొప్పి పెట్టేది మేమేనని మాతోనే రాయించుకుంటున్నరా?

ఆ కింద ఇంకొకటి: ‘ఏడవని బిడ్డకు నొప్పి లేనట్టే.’ కాదని ఆమెకు తెలుసు. ఆ పొద్దున్నే తానే, భాగ్య అనే తల్లి కూతురికి మడమ గుచ్చి రక్తం తీసింది. ఏడో నెలకే పుట్టిన పిల్ల, ఏడ్చే ఓపిక కూడా లేదు. కనుబొమ్మలు ముడిపడ్డాయి, చేతివేళ్లు విచ్చుకున్నాయి, మిషన్‌లో ఆక్సిజన్ అంకె పడిపోయింది. కాదని రాస్తే తర్వాతి ప్రశ్న కాచుకునుంది: ‘గుచ్చే ముందు బిడ్డను తల్లి ఒడికి ఇస్తారా?’ పాలవేళ తప్ప తల్లులను లోపలికి రానివ్వరు. తెలిసీ చేయడం లేదని తన చేత్తో తానే రాసిచ్చినట్టవుతుంది.

అయినా మొదటిదానికి ‘కాదు’ అని, రెండోదానికి ‘ఎప్పుడూ లేదు’ అని రాసింది. కాగితాన్ని కట్ట పైన పెట్టకుండా మధ్యలోకి దూర్చింది.

రెండు రోజుల తర్వాత ట్రే పట్టుకుని వస్తుంటే డ్యూటీ గదిలోంచి శారద గొంతు వినిపించింది.

“ఒక్కరే నిజం రాసిన్రని నువ్వే అన్నవు గద. ఎవలో చెప్పు.”

“నాకు తెల్వది సిస్టర్. తెలిసినా చెప్ప” అంది పల్లవి. “గట్టిగ అడిగితే కాగితాలన్నీ ఇక్కడే చింపి పోత.”

జమ్లీ గుమ్మంలోనే నిలబడిపోయింది. నేనిక్కడున్నానని చూసే అంటున్నదా? ఈ మాట కూడా నాటకమేనా? ఎంత ఆలోచించినా తేలలేదు. తేలకుండానే లోపలికి నడిచింది.

“నేనే రాసిన సిస్టర్. భాగ్య బిడ్డ మొకం మీరు గూడ చూసిన్రు.”

శారద అద్దంలోంచి భాగ్య బిడ్డ ఉన్న వైపు చూసింది. కుర్చీ జరిపి, “కూసో. ఇంకేం రాయాల్నో పల్లవికి చెప్పు” అంది.

ఆ మధ్యాహ్నం జమ్లీ, పల్లవి ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా చదివారు. ‘శిశు వేదన నిర్వహణ’ అన్న మాటను కొట్టేశారు. దాని చోట ‘బిడ్డకు నొప్పి తగ్గించడానికి మీరేం చేస్తారు?’ అని రాసుకుంది పల్లవి. “ఇట్ల అడిగితే ఎవలన్న భయపడకుంట చెప్తరు” అంది జమ్లీ.

మరో నాలుగు రోజులకు భాగ్య కూతురికి మళ్లీ రక్తం తీయాల్సి వచ్చింది. శారదే తలుపు తీసి భాగ్యను పిలిచింది. పాలవేళ కాకుండా పిలిచారంటే చెడ్డ కబురేనని ఆ తల్లికి తెలుసు. పరుగున వచ్చింది. జమ్లీ తమ లంబాడీ భాషలో చెప్పింది, బిడ్డకేం కాలేదని, తల్లి ఎదకు ఆనుకునుంటే సూది నొప్పి తక్కువ తెలుస్తుందని. భాగ్య నమ్మలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత స్టూలు మీద కూర్చుని, బిడ్డ కోసం చేతులు చాచింది.